ఉద్యోగ సమాచార సైటు: కమీషను ఎవరి జేబు నుండి వస్తుంది?

కోరాపుట్ – రాయగడ రైలు మార్గంలో కకిరిగుమ్మ ఒక చిన్న స్టేషను. ఒకవైపు దామన్‌జోడి, మరొకవైపు టికిరి, రాయగడ. కొండల నడుమనున్న ఈ ప్రాంతపు ఊళ్లకు ఉద్యోగ ప్రకటన అనేది చిరకాలం ఆలస్యంగానే చేరుతూ వచ్చినది. 1976లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రికను పట్టణానికి వెళ్లివచ్చే వారెవరైనా కొని తెస్తే, అది పది చేతులు మారి నలిగిపోయేది. చివరి చేతికి అందేసరికి దరఖాస్తు గడువు ముగిసిపోయేది. నేడు ఆ ఆలస్యం లేదు. ఢిల్లీలో ప్రకటన వెలువడిన గంటలోపే అది చేతిలోని ఫోనులో కనబడుచున్నది. అయితే ఒక ఇబ్బంది తీరి మరొకటి వచ్చి చేరినది. వచ్చిన పది ప్రకటనలలో నిజమైనది ఏది, గడువు దాటినది ఏది, ఒడిశాలో చదివిన తెలుగు బిడ్డకు వర్తించేది ఏది అనే సంగతి విడమరచి చెప్పేవారు కరువయ్యారు.

ఈ కొరతను చూచియే సరిహద్దు గ్రామాలలో చదువుకున్న యువతీ యువకులు కొందరు ఉద్యోగ సమాచార సైట్లు నడపాలని ఆలోచిస్తున్నారు. దాని మీద "అఫిలియేట్ ఆదాయం" వస్తుందని విని ఉత్సాహపడుతున్నారు. ఇంట్లోని పెద్దలకు మాత్రం ఇది అంతుపట్టని వ్యవహారం. దుకాణం లేదు, సరుకు లేదు, జీతమిచ్చే యజమాని లేడు. మరి డబ్బు ఎవరిస్తారు, ఎందుకిస్తారు? ఈ ప్రశ్న అడగడంలో అమాయకత్వం ఏమీ లేదు. నిజానికి సైటు నడపబోయే వారు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదే.

అఫిలియేట్ అనగానేమి?

అఫిలియేట్ అనే మాటకు మన వాడుకలో దగ్గరి మాట కమీషను ఏజెంటు. ధాన్యం అమ్మించినవాడు బస్తాకు ఇంతని తీసుకున్నట్లే, ఒక కంపెనీ వద్దకు మనిషిని పంపినవాడు మనిషికి ఇంతని తీసుకుంటాడు. తేడా ఒక్కటే. పంపినవాడు వెంట నడచి వెళ్లనవసరం లేదు. అతని సైటులోని లింకులో అతనికి కేటాయించిన గుర్తు సంఖ్య ఉంటుంది. ఎవరైనా ఆ లింకు నొక్కినప్పుడు, ఈ వ్యక్తి ఫలానా సైటు ద్వారా వచ్చాడని కంపెనీ కంప్యూటరు నమోదు చేసుకుంటుంది. ఆ గుర్తు కొంతకాలమే నిలుస్తుంది. అమెజాన్ విషయంలో సాధారణంగా 24 గంటలు. ఆలోగా ఆ వ్యక్తి వస్తువు కొంటే కమీషను వస్తుంది, మరునాడు తీరికగా కొంటే రాదు. కొన్న వస్తువును తిరిగి పంపివేస్తే వ్రాసిన కమీషను కొట్టివేయబడుతుంది.

ఈ పద్ధతిని ప్రపంచమంతటా వ్యాపింపజేసినది అమెజాన్ సంస్థయే. 1996లో, అప్పటికి పుస్తకాలు మాత్రమే అమ్మే ఆ సంస్థ, చిన్న చిన్న సైట్ల వారిని తమ పుస్తకాలను సిఫారసు చేయమని, అమ్ముడైన వాటి మీద వాటా ఇస్తామని ప్రకటించినది. భారతదేశంలో అమెజాన్ 2013లో ప్రవేశించినది. ఇక్కడ కొత్తగా చేరిన వారు 180 రోజులలో కనీసం మూడు అమ్మకాలు జరిపించాలి, లేనియెడల ఖాతా మూతపడుతుంది. చేరడం సులభమే గాని నిలవడం అంత సులభం కాదు.

ఉద్యోగ సైట్ల విషయంలో అమ్మే వస్తువు లేదు. అందుచేత లెక్క మరొక విధంగా సాగుతుంది. అది తెలియాలంటే పెద్ద ఉద్యోగ సైట్లు ఎవరి వద్ద డబ్బు తీసుకుంటాయో చూడాలి.

నౌకరీ డాట్ కామ్ కథ

సంజీవ్ బిఖ్‌చందానీ అనే ఆయన ఉద్యోగం చేసే రోజుల్లో ఒక వింత గమనించారు. కార్యాలయానికి బిజినెస్ ఇండియా పత్రిక వస్తే సహోద్యోగులు దానిని వెనుక నుండి చదివేవారు. వెనుక పుటలలో ఉద్యోగ ప్రకటనలు ఉండేవి మరి. ఉద్యోగం మారే ఆలోచన లేనివారు కూడా వాటిని విడువకుండా చూసేవారు. ఆ గమనింపు నుండి 1997లో నౌకరీ డాట్ కామ్ పుట్టినది. మొదటి రోజులలో దాని సరుకు అంతా వార్తాపత్రికలలో వచ్చిన ప్రకటనలే. 29 పత్రికల నుండి సుమారు వెయ్యి ప్రకటనలు ఏరి కంప్యూటరులోకి ఎక్కించారు. సర్వరును అమెరికాలోని అన్నగారి సహాయంతో అద్దెకు తీసుకున్నారు. ఆ ప్రయత్నమే పెరిగి పెద్దదై, మాతృసంస్థ ఇన్ఫో ఎడ్జ్ 2006లో షేర్ మార్కెట్టుకు ఎక్కినది. తెలుగువారికి దగ్గరలో మరొక ఉదాహరణ మాన్‌స్టర్ ఇండియా. హైదరాబాదు కేంద్రంగా పెరిగిన ఆ సైటు 2022లో ఫౌండిట్ అని పేరు మార్చుకున్నది.

ఇక్కడ గమనించవలసినది వారి విజయం కాదు, వారి రాబడి మార్గం. ఉద్యోగం వెదికేవాడు పేరు నమోదు చేసుకోవడానికి, దరఖాస్తు పంపడానికి రూపాయి ఇవ్వనక్కరలేదు. మనుషులు కావలసిన కంపెనీయే ప్రకటన పెట్టినందుకు, అభ్యర్థుల వివరాలు చూచినందుకు ప్రధానంగా రుసుము చెల్లిస్తుంది. 2004లో అమెరికాలో మొదలైన ఇండీడ్ మరొక మెట్టు ముందుకు వెళ్లి, ప్రకటన మీద పడిన క్లిక్కుకు ఇంతని యజమానుల నుండి వసూలు చేయసాగినది. ఏ పద్ధతిలోనైనా ఆ డబ్బు యజమాని జేబులోనిదే.

చిన్న సైటుకు చేరే వాటా ఈ డబ్బులో నుండే వస్తుంది. ఉద్యోగాలను ఒకచోట పోగుచేసే సంస్థలు తమ జాబితాను భాగస్వాముల సైట్లలో చూపించుకోనిస్తాయి. ఆ సైటు నుండి వెళ్లిన ప్రతి నికరమైన క్లిక్కుకు, లేదా ప్రతి దరఖాస్తుకు, యజమాని ఇచ్చిన సొమ్ములో కొంత పంచుతాయి. ఇండీడ్ ఒకప్పుడు చిన్న సైట్ల వారికి విరివిగా ఈ అవకాశం ఇచ్చి, తరువాత ఆ తలుపు చాలావరకు మూసివేసినది. కెరీర్‌జెట్, జూబుల్, అడ్జునా వంటివి భాగస్వామ్య పద్ధతులు నడుపుతున్నాయి. వీటి షరతులు తరచుగా మారుతుంటాయి. ఒకే సంస్థను నమ్ముకొని సైటు కట్టినవారు, ఒక ఈమెయిలుతో ఆదాయమంతా ఆగిపోయే రోజు వస్తుందని ముందే తెలిసి ఉండాలి.

కాగితం మీద లెక్క

ఇప్పుడొక లెక్క వేద్దాము. ఇందులోని అంకెలు కేవలం ఊహించినవి, గుణకారం తెలియడానికి మాత్రమే.

కకిరిగుమ్మలో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి సైటు పెట్టినదనుకుందాము. ఏడాది శ్రమించిన తరువాత రోజుకు 400 మంది చూస్తున్నారు. నూటికి ఐదుగురు కంపెనీ ఉద్యోగాల లింకు నొక్కితే 20 క్లిక్కులు. క్లిక్కుకు 2 రూపాయల చొప్పున దినానికి 40, నెలకు 1,200 రూపాయలు. సైటు పేరుకు ఏడాదికి వేయి రూపాయలు, హోస్టింగుకు నెలకు 250, ఫోను రీఛార్జికి 300 తీసివేస్తే చేతికి మిగిలేది ఆరువందల లోపే. ఇందుకు ఆమె ప్రతి ఉదయం రెండు గంటలు ప్రకటనలు చదివి, సరిచూచి, వ్రాయవలసి ఉంటుంది. తమ ఊరిలో కూలి రేటు తెలిసిన తల్లిదండ్రులకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

పైగా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలకు కమీషను అనేదే లేదు. రైల్వే గాని, తపాలా శాఖ గాని, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ గాని మనిషిని పంపినందుకు ఎవరికీ పైసా ఇవ్వదు. సరిహద్దు ఊళ్ల వారు ఎక్కువగా వెదికేది మాత్రం ఆ ఉద్యోగాలనే. అంటే జనం చూసే పేజీలో కమీషను లేదు, కమీషను ఉన్న పేజీని జనం పెద్దగా చూడరు. ఈ వ్యాపారంలోని అసలు చిక్కు ఇది.

ఈ లోటును కొంత పూడ్చేవి గూగుల్ వారి యాడ్‌సెన్స్ ప్రకటనలు. 2018 ఫిబ్రవరిలో తెలుగు భాషను అందులో చేర్చిన తరువాత తెలుగు పేజీలకు ఆ ఆదాయం సాధ్యమైనది. దీనికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. ఖాతాలో 10 డాలర్లు చేరగానే చిరునామా సరిచూచుటకు ఒక సంఖ్యను మామూలు తపాలాలో ఉత్తరంగా పంపుతారు. అది చేరడానికి వారాలు పట్టవచ్చును. ఇంటర్నెట్టు వ్యాపారం తపాలా బంట్రోతు చేతి సంచి కోసం ఎదురుచూడడం కొంత వినోదంగానే ఉంటుంది గాని, ఆధారులో ఒక చిరునామా, ఖాతాలో మరొక చిరునామా ఉన్నవారికి ఇక్కడే పని నిలిచిపోతుంది. ఖాతాలో 100 డాలర్లు నిండితేనే సొమ్ము బ్యాంకుకు వస్తుంది. సొంత సైటులోని ప్రకటనను తామే నొక్కినా, స్నేహితుల చేత నొక్కించినా ఖాతా రద్దవుతుంది. అలా రద్దయిన ఖాతాను తిరిగి పొందడం బహు కష్టం.

రెండవ జేబు

ఆరువందలు మిగిలిన చోట ఒక ఆకర్షణ ఎదురవుతుంది. "రైల్వే పరీక్షకు గ్యారంటీ కోచింగు" అనే ఐదువేల రూపాయల కోర్సు అమ్మించితే అమ్మకానికి 500 కమీషను అని ఒక సంస్థ చెబుతుందనుకుందాము. నెలకు ముగ్గురిచేత కొనిపిస్తే 1,500. ముప్పై రోజుల క్లిక్కులన్నీ కలిపినా రాని సొమ్ము మూడు అమ్మకాలతో వచ్చినది. అప్పుల యాప్‌లు, బయోడేటా వ్రాసిపెట్టే సేవలు, ఇంటి నుండి పని అనే పథకాలు, ఇవన్నీ ఇదే వరుసలో వస్తాయి.

రెంటినీ కమీషను అనే పిలుస్తారు గాని జేబు మారినది. మొదటిది యజమాని ఇచ్చినది. రెండవది ఉద్యోగం లేని మనిషి ఇచ్చినది, చాలాసార్లు అతని తండ్రి అప్పు చేసి ఇచ్చినది. ఉద్యోగం వెదికేవాడు అవసరంలో ఉన్నవాడు కనుక అతని చేత కొనిపించడం సులభం, అందుచేతనే ఆ కమీషను పెద్దది. మంచి కోర్సులు లేవని చెప్పరాదు. లెక్కలలో వెనుకబడిన పిల్లవాడికి ఒక మంచి పుస్తకం సిఫారసు చేసి, దాని మీద పది రూపాయలు వస్తే అందులో తప్పేమీ లేదు. తాను చదవని పుస్తకాన్ని, తాను చూడని కోర్సును, కమీషను పెద్దదనే కారణంతో పైన పెట్టినప్పుడే తప్పు మొదలవుతుంది.

సరిహద్దు జిల్లాల వారికి దాదన్ సర్దారు కొత్తవాడు కాడు. ఊరి నుండి మనుషులను పోగుచేసి ఇటుక బట్టీలకు పంపి, తలకు ఇంతని తీసుకునేవాడు అతడు. అతడు కూడా ఉద్యోగ సమాచారం మోసుకొచ్చిన వాడే. పని ఎక్కడున్నదో చెప్పినందుకు అతని మీద ఎవరికీ కోపం లేదు. అక్కడ కూలి ఎంత, తిరిగి వచ్చే దారి ఏది అనే సంగతులు దాచిపెట్టినందుకే కోపం. సైటు నడిపేవారు ఈ పోలికను కొట్టివేయకుండా కొంచెం ఆలోచించవలసి ఉన్నది.

ఇక జూదపు యాప్‌ల సంగతి. ఒకప్పుడు అఫిలియేట్లకు ఎక్కువ సొమ్ము ఆశచూపిన వాటిలో ఆన్‌లైన్ రమ్మీ వంటివి ఉండేవి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధించడమే గాక, వాటి ప్రచారాన్ని కూడా నేరంగా పరిగణించినది. లింకు పెట్టడమూ ప్రచారమే. "నేను ఆడలేదు, లింకు మాత్రమే పెట్టాను" అనే మాట రక్షణ కాదు.

తప్పు ప్రకటన వెల

సరిచూడకుండా పెట్టిన ప్రకటన ఎంతవరకు తీసుకుపోగలదో ఈ రెండు రాష్ట్రాలూ చూచాయి. 2023 డిసెంబరు చివరలో ఒడిశాలోని రూర్కెలా పోలీసులు, ఉద్యోగాల పేరుతో మనుషులను కంబోడియాకు పంపి సైబరు మోసాలు చేయించే ముఠాను పట్టుకున్నారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు అటువంటి ఏజెంట్లనే అరెస్టు చేశారు. అక్కడి యువకులకు చెప్పినది డేటా ఎంట్రీ ఉద్యోగమని. చేరిన తరువాత పాస్‌పోర్టు తీసుకొని, బంధించి, ఫోనులో మోసాలు చేయించారు. పిలుపు మాత్రం మామూలు ఉద్యోగ ప్రకటన రూపంలోనే వచ్చినది.

విదేశీ ఉద్యోగం గురించి ప్రచురించే ముందు చూడవలసిన గుర్తు ఒకటున్నది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకు పనివారిని పంపే ఏజెంటు విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. ఆ జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చును. నమోదైన ఏజెంటు సైతం తన సేవకు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. నమోదు సంఖ్య లేని విదేశీ ప్రకటనను, కమీషను ఎంత వచ్చినా, సైటులో పెట్టకుండుటయే క్షేమం. డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోను చేయవలెను. తొలి గంటలలో చెబితే బ్యాంకులో సొమ్మును నిలిపివేసే అవకాశం ఉంటుంది.

దగ్గరి ఆశలకు కూడా ఈ జాగ్రత్త అవసరమే. 2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజను కార్యాలయానికి శంకుస్థాపన జరిగినది. ఇటువంటి వార్త వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో ఆశ పెరగడం సహజం. కాని రైల్వే నియామకాలు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు, రిక్రూట్‌మెంట్ సెల్‌ల ప్రకటనల ద్వారానే జరుగుతాయి. దామన్‌జోడిలో నాల్కో, సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం, కాశీపూర్ వైపు ఉత్కళ్ అల్యూమినా, రాయగడ దగ్గర జేకేపూర్ కాగితపు మిల్లు, ఇవన్నీ కళ్లెదుటనే ఉన్నాయి. కళ్లెదుట ఉండడం వలననే "లోపల మనిషి తెలుసు" అనేవారి మాట చెల్లుబాటవుతున్నది. కంపెనీ సొంత సైటులోని ప్రకటనను చూపగలిగితేనే ఆ మాటకు విలువ.

ఇక్కడివారు మాత్రమే చేయగల పని

పెద్ద సైట్లతో పోటీపడి ప్రకటనలను నకలు చేసి పెట్టడం వృథా శ్రమ. వందల సైట్లు అదే పని చేస్తున్నాయి. అయితే 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పటి నుండి ఈ ప్రాంతపు తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు మిగిలిపోయినది. దానిని హైదరాబాదులో కూర్చున్నవారు గాని, భువనేశ్వరంలో కూర్చున్నవారు గాని విడదీసి చెప్పరు. ఏ ఉద్యోగానికి ఏ రాష్ట్రం వైపు నుండి అర్హత కలదు అనేదే ఆ చిక్కు.

ఒడిశా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలలో ఒడియా చదవడం, వ్రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలని, కనీసం ఏడవ తరగతి స్థాయిలో ఒడియా ఉత్తీర్ణులై ఉండాలని సాధారణంగా నిబంధన ఉంటుంది. బడిలో ఒడియా చదవని వారికి ఆ స్థాయి పరీక్ష విడిగా వ్రాసే వీలు కలదు. ఈ ఒక్క వాక్యం తెలియక దరఖాస్తు మానుకున్నవారు ఉంటారు, దరఖాస్తు చేసి తిరస్కరణ పొందినవారూ ఉంటారు. ఆంధ్రప్రదేశ్ వైపు చూస్తే, రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద స్థానికతకు అక్కడ చదివిన సంవత్సరాలు ముఖ్యం. ఇంటిలో తెలుగు మాట్లాడినంత మాత్రాన కకిరిగుమ్మలో చదివిన విద్యార్థి పార్వతీపురంలో స్థానికుడు కాడు. రిజర్వేషను విషయం ఇంకా సున్నితమైనది. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. ఒక రాష్ట్రపు ధ్రువపత్రం పొరుగు రాష్ట్రపు రిజర్వేషనుకు సాధారణంగా చెల్లదని సుప్రీంకోర్టు 1990లోను, మళ్లీ 2018లోను చెప్పినది.

గ్రామీణ డాక్ సేవక్ నియామకమే తీసుకుందాము. పరీక్ష లేదు, పదవ తరగతి మార్కులే ఆధారం. కాని ఆ సర్కిలు స్థానిక భాషను పదవ తరగతి వరకు చదివి ఉండాలి. ఒడిశా సర్కిలుకు ఒడియా, ఆంధ్ర సర్కిలుకు తెలుగు. ఒక విడతలో ఒకే డివిజనుకు దరఖాస్తు చేయనిస్తారు కనుక ఎంపిక తప్పితే ఆ విడత పోయినట్లే. ఒడియా మాధ్యమంలో చదివి తెలుగు మాట్లాడే అమ్మాయి ఏ వైపు దరఖాస్తు చేయాలి? ఆమె మార్కుల జాబితాలో ఉన్న భాషను బట్టి జవాబు వస్తుంది, ఇంటి భాషను బట్టి కాదు. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు అదియును లేదు. ఈ సంగతి సైటులో మొదటి వాక్యంగా వ్రాసినట్లయితే, నెట్ సెంటరులో "ఫీజు" అని అడిగే మాటను ప్రశ్నించే ధైర్యం ఆమె తండ్రికి వస్తుంది.

రైల్వే బోర్డుల కంప్యూటరు పరీక్షలను తెలుగులోను, ఒడియాలోను వ్రాయవచ్చుననేది, 2024 నుండి కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్ష కూడా పదమూడు ప్రాంతీయ భాషలలో జరుగుతున్నదనేది కూడా ఇదే విధంగా ఉపయోగపడే సమాచారం. దరఖాస్తు సమయంలో ఏ భాషను ఎంచుకోవాలనేది రెండు భాషలలోనూ పట్టున్న ఇక్కడి పిల్లలకు నిజమైన ప్రశ్న. ఇంటి భాష తెలుగైనా సామాన్య శాస్త్రం ఒడియాలో చదివినవారికి ఒడియా ప్రశ్నపత్రమే తేలికగా ఉంటుంది.

ఈ విధంగా ప్రతి ప్రకటన కింద "ఒడిశాలో చదివినవారికి", "ఆంధ్రలో చదివినవారికి" అని రెండు వరుసలు వ్రాయగల సైటుకు చూసేవారు కొద్దిమందే అయినా వారు మళ్లీ మళ్లీ వస్తారు. రాయగడలోని కోచింగు కేంద్రం గాని, సాలూరులోని పుస్తకాల దుకాణం గాని నేరుగా ప్రకటన ఇవ్వడానికి ముందుకు వచ్చేది అటువంటి చోటికే. క్లిక్కుకు రెండు రూపాయల కన్నా నెలకు వేయి రూపాయల స్థానిక ప్రకటన ఒకటి దొరికితే మేలు. అది పొరుగువాని వ్యాపారం కనుక మంచిచెడ్డలు స్వయంగా వెళ్లి చూడవచ్చును కూడా.

చెప్పి తీసుకోవడం

కమీషను తీసుకుంటున్నట్లు చదివేవారికి చెప్పడం ఇప్పుడు మర్యాద మాత్రమే కాదు, నియమం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వెలుగులో, 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు విడుదల చేసినది. సిఫారసు చేసేవారికి ఆ వస్తువు మీద లాభం ఉన్నప్పుడు ఆ సంగతిని స్పష్టంగా, తేలికగా కనబడేటట్లు, సిఫారసు చేసిన భాషలోనే చెప్పవలెను. తెలుగు పేజీలో అడుగున చిన్న ఆంగ్ల అక్షరాలలో వ్రాస్తే చాలదు. "ఈ లింకు ద్వారా మీరు కొంటే సైటు నడిపేవారికి కొంత కమీషను వస్తుంది, మీకు ధర పెరగదు" అని లింకు పక్కనే వ్రాస్తే సరిపోతుంది. ధర పెరిగే పక్షంలో ఆ వాక్యం వ్రాయలేము కదా. కనుక అది వ్రాసేవానికే ఒక పరీక్ష.

అభ్యర్థుల ఆధారు నకళ్లు, మార్కుల జాబితాలు, ఫోను నెంబర్లు పోగుచేసి పెట్టుకోవడం కొందరికి అలవాటు. ఆ జాబితాలను కొనేవారూ ఉన్నారు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇటువంటి సమాచారాన్ని అనుమతి లేకుండా వాడడాన్ని అడ్డుకుంటుంది; భారీ జరిమానాలు విధిస్తుంది. ఉద్యోగ ప్రకటన చూపడానికి ఎవరి ఆధారూ అక్కరలేదు. అడగకపోతే పోగొట్టుకునే ప్రమాదమూ లేదు.

కమీషను సొమ్ము ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. పాన్ కార్డు ఇవ్వనిచో సంస్థలు పన్నును ఎక్కువ రేటున, నూటికి 20 వంతున, మినహాయించుకునే అవకాశం ఉన్నది. పాన్ ఇచ్చి, ఆదాయం పన్ను పరిమితి లోపల ఉంటే, రిటర్ను దాఖలు చేసి మినహాయించినది వెనుకకు తెచ్చుకోవచ్చును. నెలకు ఆరువందలు వచ్చేవారికి ఇది పెద్ద విషయం కాకపోయినా, మొదటి నెల నుండే ఒక నోటు పుస్తకంలో తేదీ, సంస్థ, మొత్తం వ్రాసుకుంటే పైన చెప్పిన రెండు జేబుల సంగతి కూడా అందులోనే తేలుతుంది. ఒక పక్క యజమానుల నుండి వచ్చినది, మరొక పక్క చదివేవారి నుండి వచ్చినది వేరువేరుగా వ్రాస్తే, ఆరు నెలల తరువాత ఆ పుస్తకాన్ని ఇంట్లో పెద్దలకు చూపవచ్చును.

చివరగా పని పద్ధతిలో ఒక మాట. గడువు ముగిసిన ప్రకటనలను అలాగే ఉంచితే చూసేవారి సంఖ్య కొంతకాలం పెరిగినట్లు కనబడుతుంది. 2018 నుండి భారతదేశంలో ఉద్యోగాలను విడిగా చూపుతున్న గూగుల్ వెదుకులాటలో, ముగిసిన ప్రకటనలు తొలగించని సైట్లకు చోటు పోయే ప్రమాదం ఉన్నది. అంతకన్నా ముఖ్యంగా, పాత ప్రకటన చూచి ధ్రువపత్రాల కోసం లక్ష్మీపూర్ తహసీలు కార్యాలయానికి ఒక రోజు కూలి మానుకొని వెళ్లిన మనిషి ఆ సైటు వైపు మళ్లీ చూడడు. కనుక వారానికొకసారి, ఆదివారం ఉదయమైనా సరే, ముగిసినవన్నీ తీసివేసి, మిగిలిన ప్రతి ప్రకటన కింద ఆ శాఖ సొంత సైటు లింకును, చివరి తేదీని, చెల్లించవలసిన రుసుమును మరల సరిచూచి వ్రాయవలెను. లింకు తెరుచుకోని ప్రకటనను ఆ రోజే తీసివేయవలెను.